సౌభాగ్యనగర్ నల్లా నీళ్లు

బిందెలు, సర్వలు, చివరికి దేవుని అర్రలోని చెంబు కూడా వాకిట్లోకి తెచ్చి సుభద్రమ్మ ఒక్కొక్కటే మోరీలో గుమ్మరిస్తోంది.

లోపల పరమేశ్వర్ అద్దం ముందు నిలబడి, సాయంత్రం మైకులో చదవాల్సిన మాటలను గొంతు సవరించుకుని చదువుకుంటున్నాడు. ఆదివారం ఆఫీసు లేదు. ఆదివారాల్లో అతను పూర్తిగా కాలనీ సంఘం సెక్రెటరీ.

“సౌభాగ్యనగర్ కాలనీ వాసులందరికీ నమస్కారం. ఈ వారం వేసవి విశేషాలు. నల్లా నీళ్లు ఉదయం పూట మాత్రమే వదలబడును. చెట్లకు పోయుటకు, స్కూటర్లు కడుగుటకు వాడరాదు. పార్కు దగ్గర చలివేంద్రం ప్రారంభించబడినది. మన ట్యాంకు పరిశుభ్రంగా ఉన్నది. వదంతులు నమ్మవద్దు. వాంతులకు, విరేచనాలకు కారణమైన బావి నీటిని ఎవరూ...”

నీళ్ల చప్పుడు విని ఆగిపోయాడు. కాగితం చేతిలో పట్టుకునే బయటికి వచ్చాడు.

“ఏం చేస్తున్నవ్ సుభద్రా? అవుతల బస్తీల బిందె నీళ్లకు తలకాయలు పలుగుతున్నయి. నువ్వు మోరిల పోస్తున్నవా?”

“పోస్తున్న.”

“మైకుల నేనేమో నీళ్లు పారబొయ్యొద్దని చెప్పుడు, నా ఇంట్ల నువ్వు పారబోసుడు! ఎవ్వరన్న చూస్తే నా ముఖం మీద ఊంచుతరు.”

“ఊంచనీ,” అంది సుభద్రమ్మ తల ఎత్తకుండానే.

పరమేశ్వర్ అటూ ఇటూ చూశాడు. ఎదురింటి కిటికీ మూసే ఉంది.

లోపలి అర్రలో మంచం కిర్రుమంది. గోపమ్మ మళ్లీ కక్కుతోంది. నిన్న సాయంత్రం నుంచి ముసలామె కడుపులో ఏదీ నిలవడం లేదు. పోచంపల్లిలో ఉన్నన్నాళ్లూ రంగు అద్దే ముందు నూలుకు చిటికి ముడులు కట్టిన వేళ్లు ఇప్పుడు మంచం పట్టెను పట్టుకోలేక జారిపోతున్నాయి. సుభద్రమ్మ పరుగున వెళ్లి అత్త తల పట్టుకుంది. పసుపు పచ్చని నీరు తప్ప మరేమీ రాలేదు.

“బిడ్డా, ఇన్ని నీళ్లు పొయ్యే,” అంది గోపమ్మ.

“జరసేపాగత్తా. మంచి నీళ్లు తెస్త.”

“ఉన్నయేమైనయే?”

సుభద్రమ్మ కొంగుతో అత్త మూతి తుడిచి, నల్లా దగ్గరికి వెళ్లి, దానికి కట్టిన వడపోత గుడ్డ విప్పి తెచ్చింది. మొగుని ముందు అరచేతిలో పరిచింది.

తడి గుడ్డలో బూడిద రంగు వెంట్రుకలు. వాటికి అంటుకుని గోరంత తోలు ముక్క.

పరమేశ్వర్ ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇదేందని అడగలేదు.

ఆ అడగకపోవడమే సుభద్రమ్మకు ఎక్కడో గుచ్చుకుంది.

“పాత పైపులు. ఏదో నారయి ఉంటది,” అన్నాడు.

“నార గింత కంపు కొడ్తదా?”

“అది బ్లీచింగ్ వాసన. నేను ముందుగాలనే చెప్పిన గద.”

“బ్లీచింగ్ వాసన నాకు ఎర్కలేదా? మూడొద్దుల నుంచి ఇంట్ల అన్నం కుండ మూత తీస్తే కడుపుల తిప్పుతాంది. నువ్వేమో అదీ ఇదీ చెప్తున్నవ్.”

“అమ్మకైన రోగం గా బావి తోని అయింది. ఊరంతటికీ తెల్సు.”

“మీ అమ్మ మంచం దిగి మోరి దాక పోదు. కరీం భాయ్ బావి కాడికి ఎప్పుడు పోయింది?”

“నువ్వు తెచ్చిచ్చినవేమో.”

సుభద్రమ్మ అతని వైపు చూసింది. ఇరవై ఏండ్ల కాపురంలో ఆమె అతని కోపం చూసింది, పిసినారితనం చూసింది, ఆఫీసర్ల ముందు వంగిన నడుము కూడా చూసింది. ఇంత నున్నగా అబద్ధమాడగా చూడడం ఇదే మొదలు.

*

కరీం ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. నల్లగొండ అంచున ఈ కాలనీ లేచిన మెట్ట చెలక ఒకప్పుడు అతని తండ్రిదే. సంఘానికి అమ్మినప్పుడు బావి ఉన్న మూల మాత్రం తనకు ఉంచుకుని చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కాలనీలో పునాదులు పడిన రోజుల్లో సిమెంటు మాలు కలిపింది ఆ బావి నీళ్లతోనే. పరమేశ్వర్ ఇంటి గోడలు తడిపింది కూడా ఆ నీళ్లే.

తర్వాత బోరు వచ్చింది, టాంకి వచ్చింది, ఇంటింటికీ నల్లా వచ్చింది. బావికి బస్తీ ఆడవాళ్లు రావడం కాలనీ పరువుకు తక్కువైపోయింది. ఈ ఎండాకాలం కాలనీలో కక్కుళ్లు, బేదులు మొదలవగానే మైకు చెప్పింది, కారణం బావే, దాన్ని మూయించాలి అని. తొమ్మిది రోజుల కిందట, శుక్రవారం తెల్లవారి కరీం భార్య అమీనా చేద వేస్తే నీళ్లు పాలలాగా తెల్లగా వచ్చాయి. ఎవరో ఫినాయిలు గుమ్మరించారు. పోసిందెవరని సంఘం అడగలేదు. ఆ ఆదివారం మైకులో ఆ ముక్కే లేదు.

ఆ రోజు నుంచి సుభద్రమ్మ మొగునికి తెలియకుండా రెండిళ్ల నడుమ గోడ మీదుగా అమీనాకు రోజూ ఒక బిందె అందిస్తోంది.

అమీనా బిడ్డ దిల్షాద్ ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. మొన్నటి నుంచి దవాఖానలో ఉంది.

సుభద్రమ్మ ఖాళీ బిందెలు బోర్లించేసరికి గోడ అవతల గాజుల చప్పుడు వినిపించింది. అమీనా దవాఖాన నుంచి వచ్చినట్టుంది. ముఖం కడుక్కోలేదు, జుట్టు దువ్వుకోలేదు. కళ్లు లోపలికి పోయాయి.

“ఎట్లున్నది అమీనక్కా దిల్షాద్?”

“గ్లూకోజులెక్కుతనే ఉన్నయి. కడుపుల బిడ్డ కదిలినట్టనిపిస్తలేదంటది. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి ఏమనలే. ఏమనకపోతే నాకింక భయమైతాంది.” అమీనా గోడ మీద రెండు చేతులూ ఆనించింది. “ఏం నీళ్లు తాగిండ్రని గుచ్చి గుచ్చి అడిగింది సుభద్రా. మా బావి ఖరాబైనకాడికెళ్లి పక్కింటామె ఇస్తాందమ్మా, శుభ్రమైన మనుషులు, నల్లా నీళ్లేనని చెప్పిన.”

సుభద్రమ్మ బోర్లించిన బిందెల వైపు చూపు తిప్పుకుంది.

“నీ ఋణం ఎట్ల తీర్చుకోవాల్నో. మీ ఇంటాయనకు తెలిస్తే నిన్నేమంటడో అని నాకదో ఫికరు.”

అరచేతికి ఆ తడి ఇంకా ఉన్నట్టే అనిపించింది సుభద్రమ్మకు. చీరకు తుడుచుకుంది. చెప్పాలి. ఏమని చెప్పాలి? గుడ్డలో నాలుగు వెంట్రుకలు వచ్చాయనా? తన మొగుడు ముఖం తిప్పుకున్నాడనా?

“నిన్నటి బిందెల ఇంకిన్ని ఉన్నయి. గంజి కాచి పట్టుకపోత,” అంది అమీనా.

“గవి ఒద్దక్కా!”

మాట పెద్దగా వచ్చింది. అమీనా వింతగా చూసింది.

“పాతయైనయి. ఎండలకు... పారబొయ్యి. నేను బోరింగు కాడికి పోయి తెస్త.”

“గీ ఎండల? బస్తీ బోరింగు కాడికి నువ్వు పోతవా?”

“పోత. నువ్వు జర పండుకో.”

అంతే చెప్పింది.

బోరింగు దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్లు ఆమెను చూసి జరిగారు, కానీ నవ్వారు. “మీ కాలనీల నల్లాలున్నయి గదమ్మా. మా పిల్లలు మీ నల్లా ముట్టుకుంటే కట్టె పట్టుకొస్తిరి. మీరెందుకొచ్చిండ్రు?” అని ఒకామె అడిగింది. సుభద్రమ్మ తల వంచుకుని బోరింగు పిడి కొట్టింది. సగం బిందె అమీనాకు పోసింది. తక్కినవి అత్తకు ఉంచింది.

*

మధ్యాహ్నం దాటాక యాదగిరి వచ్చాడు. సంఘం డబ్బు వ్యవహారాలు అతనివి. బజారులో సిమెంటు దుకాణం. అతను వస్తే పరమేశ్వర్ ముందర్రలో ఫ్యాను వేస్తాడు, తలుపు దగ్గరికి వేస్తాడు.

ఇవాళ కరెంటు లేదు. ఉక్కకు తలుపు తెరిచే ఉంచారు.

సుభద్రమ్మ గ్లాసులో నీళ్లు తీసుకుని అత్త దగ్గరికి పోతూ ఆగింది.

“రేపు కృష్ణ నీళ్ల పైపు ఆఫీసర్లొస్తున్నరన్నా. టాంకి చూస్తమంటే ఎట్ల?” అంటున్నాడు యాదగిరి.

“పైకెవ్వడెక్కుతడోయ్? కింద నిలబడి చూసి పోతరు. సున్నమేపిచ్చిన గద.”

“కంపు జాస్తయింది. మోరీలు తీసే జానయ్య కోతిని మంచిగ తీసిండా లేదా?”

“తీసిండు. బస్తల మూట గట్టి తీస్కపోతుంటే నేను కళ్లార చూసిన.”

“మరి గింత వాసనెందుకొస్తాంది?”

“ఇంకో బస్త బ్లీచింగ్ ఏపిస్త. ఆఫీసర్లు పోయేదాంక గీ ముచ్చట బావి మీదనే ఉండనీ. కరీం ఏమంటడు? బస్సు తోలినోడు. ఎవ్వలతోని కొట్లాడడు.”

సుభద్రమ్మ చేతిలోని గ్లాసు తలుపుకు తగిలింది. నీళ్లు గచ్చు మీద ఒలికాయి. ఇద్దరూ తల తిప్పారు.

యాదగిరి ముందు తేరుకున్నాడు. “వదినా, మంచి నీళ్లు తెచ్చినవా? దా.”

“తాగుతవా?” అంది సుభద్రమ్మ. “గివి బోరింగు నీళ్లు. నల్లావైతే తాగుతవా?”

యాదగిరి లేచి చెప్పులు వెతుక్కున్నాడు. “నేను మల్లొస్త అన్నా,” అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అర్రలో ఇద్దరే మిగిలారు. లోపల ముసలామె మూలుగుతోంది.

“ఎప్పుడు పడ్డది?”

పరమేశ్వర్ కాగితం మడతపెట్టుకున్నాడు, మళ్లీ విప్పుకున్నాడు.

“ఎప్పుడు పడ్డదంటున్న.”

“గాలిదుమారమొచ్చి టాంకి మూత ఎగిరిపోయిందే, గప్పుడు. నీళ్లకొచ్చి పడ్డట్టున్నది. మనకు ఎర్కయ్యేసరికి...”

“ఎర్కయ్యేసరికి కుళ్లింది.”

“తీపిచ్చిన! బ్లీచింగ్ ఏపిచ్చిన! ఇంకేం చెయ్యాలె?”

“టాంకి ఖాళీ చేపియ్యాలె. కడిగియ్యాలె. మైకుల చెప్పాలె.”

“ఖాళీ చేస్తే మల్ల నిండుతదా? బోరు సగమెండింది. నీళ్లు లేవని కాలనీ అంత నా మీద పడ్తది. చెప్తే ఆఫీసర్లకు తెలుస్తది. టాంకి పనికిరాదని రాసి, కృష్ణ నీళ్లు ఇంకో కాలనీకి మలుపుతరు. గీ ఫ్లోరైడు బోరు నీళ్లకు పిల్లల పండ్లు పచ్చబడుతున్నయి, ముసలోళ్ల నడుములు వంగుతున్నయి. వాళ్ల కోసమే నేను తిరుగుతున్న సుభద్రా. ఆ పైపు వస్తే అందరికీ మంచిదే గద.”

ఒక్క క్షణం ఆ మాట నిజమే అనిపించింది ఆమెకు. అతని చెప్పులు ఆఫీసుల చుట్టూ అరిగిన సంగతి ఆమెకు తెలుసు. కానీ ఆ వెంటనే మరొకటి గుర్తుకు వచ్చింది.

“నువ్వు మనింట్ల నీళ్లు తాగి ఎన్ని దినాలైంది?”

పరమేశ్వర్ ఉలిక్కిపడ్డాడు.

“ఆఫీసుకెళ్లి సీసలు తెచ్చుకుంటున్నవ్. కడుపుల మంటగ ఉందని సోడా తాగుతున్నవ్. అన్నం తినేటప్పుడు నేను గ్లాసు పెడ్తే చేతి తోని పక్కకు జరుపుతున్నవ్. నేను పిచ్చిదాన్ని, నిజంగ మంటేనేమో అనుకుని జిలకర ఏసి మజ్జిగ చేసిచ్చిన.”

“కాచి తాగున్రని చెప్పిన గద!”

“ఎందుకు కాచాల్నో చెప్పినవా?”

“చెప్తే నీ నోట్ల ఆగుతదా? గోడ మీదికెళ్లి అవుతలికి పోతది.”

“గోడ మీదికెళ్లి నీళ్లే పోయినయి!” సుభద్రమ్మ గొంతు పగిలింది. “బావి ఖరాబైన దినం నుంచి అమీనక్కకు నేనే అందిస్తున్న. దిల్షాద్ తాగింది గా నీళ్లే. కడుపుల బిడ్డ కదుల్తలేదంట. నా చేతులతోని ఇచ్చిన నేను. ఈ చేతులతోని!”

పరమేశ్వర్ నోరు తెరిచి ఆమెను చూశాడు. ఆ కళ్లలో జాలి కనబడుతుందేమోనని ఆమె వెతికింది.

“ఎవ్వలకన్న చెప్పినవా?” అన్నాడతను మెల్లగా. “చెప్పకు. నువ్విచ్చినవని తెలిస్తే మన మెడకు చుట్టుకుంటది.”

సుభద్రమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మురిగిన దానిని తొక్కబోయి చూసుకున్నట్టుగా.

“నిన్ను చూస్తుంటే రోత పుడ్తాంది,” అంది. “నీ పక్కన నిలబడ్డ నన్ను చూసుకుంటే గూడ రోతనే.”

గ్లాసులో మిగిలిన నీళ్లు అత్త నోట్లో పోసి, ఎదురింటి సావిత్రమ్మను పిలిచి జరసేపు కూర్చోమని చెప్పి, కొంగు నడుముకు దోపుకుని వీధిలోకి నడిచింది.

“యాడికి?” అన్నాడు పరమేశ్వర్.

ఆమె ఆగలేదు.

*

టాంకి పార్కు మూలన ఉంది. కొత్తగా వేసిన సున్నం ఎండకు కళ్లు జిగేలుమనిపిస్తోంది. కిందనే చలివేంద్రం. పుల్లమ్మ కుండల పక్కన కూర్చుని దారిన పోయేవాళ్లకు గరిటెతో నీళ్లు పోస్తోంది. ఆ కుండలు నింపేది కూడా ఈ టాంకి నుంచే.

“పొయ్యకు పుల్లమ్మా. గరిట పక్కకు పెట్టు,” అంది సుభద్రమ్మ.

“ఏమైందమ్మా?”

సుభద్రమ్మ ఇనుప నిచ్చెన పట్టుకుంది. ఎండకు కాలి ఉంది. చేతులు చురుక్కుమన్నాయి. కొంగు ముక్క అడ్డం పెట్టుకుని ఎక్కసాగింది.

“అమ్మా, పడ్తవమ్మా!” పుల్లమ్మ అరిచింది.

ఆ అరుపుకు దోసకాయలు బేరం చేస్తున్నవాళ్లు, అరుగుల మీద పేపర్లు చదువుతున్నవాళ్లు, కిటికీల వెనుక ఉన్నవాళ్లు బయటికి వచ్చారు. సెక్రెటరీ పెండ్లాం చీర ఎగదోపుకుని టాంకి ఎక్కుతోంది. ఒకరిద్దరు నవ్వారు. యాదగిరి ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చాడు. వెనుకనే పరమేశ్వర్.

పైన మూతకు బదులు రేకు కప్పి, దాని మీద రాయి పెట్టి ఉంది. సుభద్రమ్మ రాయిని తోసింది. రేకు జరిపింది.

లోపలి నుంచి కంపు మొహాన కొట్టింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గుడ్డ ఆ కంపును ఆపలేదు, లోపలికి పీల్చుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా వంగి చూసింది.

నీళ్ల మీద జిడ్డు తెట్టు. గోడ పక్కన పైకి లేచిన పైపుకు ఏదో చుట్టుకుని ఉంది. మొదట పాత గుడ్డ అనుకుంది. తర్వాత చిన్న చెయ్యి కనబడింది. పైపును పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది.

కోతి పిల్ల.

తల్లిని తీసినవాళ్లు లోపల ఇంకేముందోనని చూడలేదు. పిల్ల ఎంతసేపు ఆ పైపును పట్టుకుని వేలాడిందో, ఎప్పుడు అరుపు ఆపిందో ఎవరికీ తెలియదు. దాని నడుము కిందిది నీళ్లలో కలిసిపోయింది. ఆ నీళ్లే ఇన్నాళ్లూ ఇంటింటి బియ్యంలో ఉడికాయి.

సుభద్రమ్మ టాంకి అంచును కరుచుకుని కక్కింది.

నిచ్చెన సగం దాకా పరమేశ్వర్ ఎక్కి వచ్చాడు. కిందివాళ్లకు వినబడకుండా, ముఖం ఆమె పాదాల దగ్గరికి తెచ్చి అన్నాడు.

“ఏమున్నది?”

“పిల్ల.”

అతని ముఖం పాలిపోయింది. తెలియదతనికి. అది మాత్రం నిజం.

“సుభద్రా, దిగు. ఇంటికాడ మాట్లాడుకుందాం. ఏం లేదని చెప్పు వాళ్లకు. రాత్రికి రాత్రి నేనే తీపిస్త, టాంకి కడిగిపిస్త, నీ మీదొట్టు. గీ ఒక్కసారి. ఇరవై ఏండ్ల నుంచి నిన్నేమన్న అడిగిన్నా?”

ఆ గొంతులో మైకు లేదు. పెళ్లయిన కొత్తలో పోచంపల్లి బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆకలవుతోందని చెప్పిన మనిషి గొంతులా ఉంది. సుభద్రమ్మ ఆ గొంతు విని ఒక్కసారి కళ్లు మూసుకుంది. మూసుకున్న కళ్ల ముందు ఆ చిన్న చెయ్యే నిలబడింది.

“సచ్చిన కోతి పిల్ల ఉన్నది!” అని కిందికి అరిచింది. “కుళ్లింది. మనమందరం తాగింది గివే నీళ్లు!”

కింద ఒక్క పెట్టున గోల లేచింది. ఎవరో ఉమ్మేశారు. చలివేంద్రం దగ్గర అప్పుడే నీళ్లు తాగిన ముసలాయన గొంతులో వేళ్లు పెట్టుకున్నాడు. పుల్లమ్మ గరిటెను దూరంగా విసిరేసింది.

ఆ గోలలో యాదగిరి గొంతు అందరికంటే పైకి లేచింది.

“కోతి టాంకి మూత తీస్తదా? ఎవ్వడో ఏసిండు! బావి మూయిస్తున్నమని కడుపు మంట ఎవ్వలికున్నది? చెప్పున్రి, ఎవ్వలికున్నది?”

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పేరు ఎవరూ అనలేదు. కానీ తలలన్నీ బావి దిక్కుకే తిరిగాయి.

అటు నుంచి ఆటో వస్తోంది. కరీం ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనుక అమీనా, చేతిలో గంజి పోసిన టిఫిను డబ్బా. దవాఖానకు పోతున్నారు. దారికి అడ్డంగా జనం నిలబడి ఉండడంతో ఆటో ఆగింది.

“ఏమైందన్నా?” అన్నాడు కరీం దిగుతూ.

ఇద్దరు మనుషులు అతని వైపు రెండడుగులు వేశారు. కరీం భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, ఏమీ అర్థం కాక నవ్వబోయాడు.

సుభద్రమ్మ నిచ్చెన దిగి మొగుని ముందు నిలబడింది. ఇప్పుడన్నా చెప్తాడనుకుంది. ఒక్క మాట చాలు. నోరు తెరిస్తే చాలు.

పరమేశ్వర్ నోరు తెరిచాడు.

“తొందరపడకున్రి,” అన్నాడు గొంతు సవరించుకుని. “ఎవ్వలేసిండ్రో పోలీసోళ్లు తేలుస్తరు.”

సుభద్రమ్మ మళ్లీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఈసారి కంపు టాంకిది కాదు.

“పోలీసోళ్లెందుకు?” అంది. అరవలేదు. అయినా జనం సద్దుమణిగారు. “ఎవ్వలూ ఎయ్యలే. గాలిదుమారానికి మూత ఎగిరింది, కోతి తల్లీ పిల్లా పడ్డయి. తల్లిని జానయ్య తోని తీపిచ్చి, మూట కట్టిచ్చి పారేపిచ్చింది నా మొగుడు. ఈ యాదగిరికి తెల్సు. తెల్సి బావి మీద పెట్టిండ్రు. కరీం భాయ్ మీద చెయ్యి పడ్తే ముందు నా మీద పడాలె.”

ఎవరో “సెక్రెటరీ సాబ్, నిజమేనా?” అన్నారు. మరెవరో పరమేశ్వర్ అంగీ పట్టుకున్నారు. ఒకామె మట్టి తీసి అతని మీద పోసి శాపనార్థాలు మొదలుపెట్టింది. ఆమె కొడుకు మొన్ననే దవాఖాన నుంచి వచ్చాడు. యాదగిరి జనంలో కనబడలేదు.

పరమేశ్వర్ అంగీ విడిపించుకోబోయాడు. గుండీలు తెగాయి. నెత్తి మీద మట్టి. అతను చుట్టూ చూశాడు. ఎవరి కళ్లలోనూ సందు దొరకలేదు. అప్పుడతని చూపు సుభద్రమ్మ మీద పడింది.

“నన్నొక్కన్నే అంటరేంది?” అని అరిచాడు. “నేను ఎవ్వల నోట్లనన్న పోసిన్నా? కరీం బిడ్డకు నీళ్లు మోసింది ఎవరు? గోడ మీదికెళ్లి రోజూ బిందె అందిచ్చింది ఎవరు? అడుగున్రి! దిల్షాద్‌కు తాపింది నా పెండ్లామే!”

సుభద్రమ్మ కదల్లేదు. చెంప మీద కొట్టి ఉంటే నొప్పి ఎక్కడో తెలిసేది.

కరీం తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అమీనా ఆటో దిగింది. జనం తొలిగి దారి ఇచ్చారు. ఆమె నేరుగా సుభద్రమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

“నిజమేనా సుభద్రా?”

“అవునక్కా.”

“తెలిసిచ్చినవా?”

“ఇచ్చినప్పుడు తెల్వదు. మా అవ్వ తోడు, తెల్వదక్కా.”

అమీనా తల ఊపింది. నమ్మినట్టే ఉంది. అంతలో కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి.

“మరెప్పుడు తెలిసింది?”

ఏదో ఒకటి చెప్పవచ్చు. ఇప్పుడే, టాంకి ఎక్కినప్పుడే అని చెప్పవచ్చు. జనమంతా నమ్ముతారు. పరమేశ్వర్ కూడా ఏమీ అనలేడు.

“పొద్దుగాలనే అనుమానమొచ్చింది,” అంది సుభద్రమ్మ. “డాక్టరమ్మ అడిగిందని నువ్వు చెప్పినప్పుడు గూడ నోరు రాలే. నా మొగనికేమైతదో అని భయమైంది.”

అమీనా ఆటో వైపు తిరిగింది.

“పాండ్రి,” అంది కరీంతో. “డాక్టరమ్మకు చెప్పాలె.”

ఆటో కదలబోతుండగా సుభద్రమ్మ పరుగున వెళ్లి కడ్డీ పట్టుకుంది.

“నేను సుత వస్తనక్కా.”

వెనుక సీటులో అమీనా పక్కన మనిషి కూర్చునేంత జాగా ఉంది. అమీనా ఒళ్లోని టిఫిను డబ్బా తీసి ఆ జాగాలో పెట్టింది.